సరుకు ఎవరిలో ఉంది, తూకం ఎవరి చేతిలో ఉంది

పోయిన జూలైలో ఒక యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో ‘ఫస్ట్ మ్యాన్’ సినిమా వేశారు. అక్కడి అంబేడ్కర్ స్టడీ సర్కిల్ విద్యార్థులు నెలకో సినిమా చూసి, తర్వాత కూర్చుని మాట్లాడుకుంటారు. జూలైలో మనిషి చందమామ మీద కాలు పెట్టాడు కాబట్టి ఈసారి ఇది ఎంచుకున్నారు. రాత్రి భోజనాలయ్యాక టేబుళ్లు గోడవైపు జరిపి, తెల్ల దుప్పటి కట్టి, అడిగి తెచ్చుకున్న ప్రొజెక్టర్ పెట్టారు. వెనక గోడ మీద బాబాసాహెబ్ ఫొటో, పక్కన రోహిత్ వేముల ఫొటో. మా సంపాదక బృందం నుంచి ఇద్దరం వెళ్లాం.

సినిమా మూడొంతులు అయ్యాక ఒక సన్నివేశం వస్తుంది. ప్రయోగానికి పోసే డబ్బుకు వ్యతిరేకంగా జనం ప్లకార్డులు పట్టుకుని నిలబడి ఉంటారు. ఒక నల్లజాతి యువకుడు ‘వైటీ ఆన్ ద మూన్’ చదువుతుంటాడు. చెల్లిని ఎలుక కరిచింది, డాక్టరుకు కట్టడానికి డబ్బు లేదు, తెల్లవాడేమో చందమామ మీద ఉన్నాడు అనేది ఆ కవిత సారం. గిల్ స్కాట్ హెరాన్ రాసి చదివినది. తెర మీద ఆ పాత్ర వేసింది గాయకుడు లియోన్ బ్రిడ్జెస్. నిజానికి అది రికార్డుగా వచ్చింది 1970లో, అంటే చందమామ యాత్ర అయిపోయాక. సినిమా దాన్ని కాస్త ముందుకు జరిపింది. ఆ మాత్రం చనువు తీసుకోవచ్చు. ఒకటి రెండు నిమిషాల్లో ఆ సన్నివేశం అయిపోతుంది, కెమెరా మళ్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంటికి వెళ్లిపోతుంది.

సినిమా అయిపోయి లైట్లు వేశాక ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ ముగించిన ఒక అమ్మాయి అడిగింది: “అన్నా, ఆ సీన్‌లో మనం ఎటువైపు ఉండాలి? లోపల కూర్చున్నోని గుండె కొట్టుకుంటుంటే నాదీ కొట్టుకుంది. బయట నిలబడి అడుగుతున్నోని మాటా నాదే అనిపించింది. రెండూ ఒకేసారి ఎట్లా?”

అక్కడ చెప్పిన జవాబు తృప్తిగా లేదు. అందుకే ఇది.

ముందు సినిమాకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. డామియన్ షజెల్ 2018లో తీసిన ఈ సినిమాలో జెండాలూ, జయజయధ్వానాలూ తక్కువ. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను రెండేళ్ల కూతురు కారెన్‌ను మెదడులో కణితి వల్ల పోగొట్టుకున్న తండ్రిగా చూపిస్తుంది. 1962 జనవరిలో జరిగిన ఆ చావు సినిమా అంతటా వెంటాడుతుంది. అంతరిక్ష నౌక మెరిసే యంత్రంలా ఉండదు. బోల్టులు బిగించిన రేకు డబ్బాలా కిర్రుమంటుంది, వణుకుతుంది. 1966 మార్చిలో జెమిని 8 ఒక థ్రస్టర్ మొరాయించి సెకనుకు దాదాపు ఒక చుట్టు చొప్పున గిరగిరా తిరిగిన ఘట్టంలో మెస్‌లో ఒక్కరు కూడా కదల్లేదు. 1967 జనవరి 27న అపోలో 1 క్యాబిన్‌లో నేల మీదే మంటలంటుకుని గ్రిస్సమ్, వైట్, చాఫీ చనిపోవడాన్ని ఒక్క తలుపు, ఒక్క ఊపుతో చూపించి ఆపేస్తారు. చివర్లో ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురి గాజును చందమామ గోతిలో జారవిడవడం మాత్రం సినిమావాళ్ల ఊహ. దానికి ఆధారం లేదు. అయినా ఆ క్షణంలో కళ్లు తడవని వాళ్లు తక్కువ.

కాబట్టి ఆ అమ్మాయి గుండె కొట్టుకోవడంలో తప్పేమీ లేదు. చందమామ మనది కాదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ గోడ మీదున్న రోహిత్, కార్ల్ సేగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్న మనిషి. మనిషంటే నక్షత్ర ధూళితో తయారైన గొప్ప వస్తువు అని నమ్మి, అలాంటి మనిషిని ఒక గుర్తింపు కింద, ఒక ఓటు కింద కుదించేశారని చివరి ఉత్తరంలో బాధపడిన మనిషి. అదే ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ సంగతి కూడా రాశాడు. నక్షత్రాలూ ఫెలోషిప్ బకాయీ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఆ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమనడం మనల్ని అవమానించడమే.

బయట నిలబడిన వాళ్లు కూడా అలా ఎంచుకోలేదు. ఇది సినిమాలో లేదు, చరిత్రలో ఉంది. 1969 జూలై 15న, అపోలో 11 ఎగరడానికి ముందు రోజు, మార్టిన్ లూథర్ కింగ్ వారసుడిగా ఉద్యమాన్ని నడుపుతున్న రాల్ఫ్ అబర్నాతి కొన్ని వందల మంది పేదలతో, కంచరగాడిదలు లాగే బండితో కేప్ కెనెడీకి చేరాడు. నాసా అధిపతి థామస్ పెయిన్ బయటికి వచ్చి మాట్లాడాడు. దేశంలో ఐదో వంతు మందికి సరైన తిండీ, బట్టా, నీడా లేవని అబర్నాతి చెప్పాడు. బటన్ నొక్కకుండా ఆపితే ఆ సమస్యలు తీరేటట్టయితే రేపు నొక్కమని పెయిన్ అన్నాడు. అంతటితో ఆగక, మీ బండిని మా రాకెట్‌కే కట్టుకోండి అన్నాడు. వ్యోమగాములు క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థిస్తానని అబర్నాతి మాటిచ్చాడు. వచ్చిన వాళ్లలో కొందరికి ప్రయోగం చూసేందుకు సీట్లు కూడా ఇచ్చారు. అంటే గ్యాలరీలో చోటు దొరికింది. రాకెట్‌లో చోటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మనకూ ఇది కొత్త కాదు. యంత్రం వద్దు, రాట్నం ముద్దు అన్న వాదాన్ని బాబాసాహెబ్ 1945 నాటి తన కాంగ్రెస్ విమర్శలోనే తిప్పికొట్టారు. యంత్రం మనిషికి తీరిక ఇస్తుంది, తీరిక ఉంటేనే సంస్కృతి; తప్పు యంత్రానిది కాదు, దాని ఫలం కొందరికే దక్కేలా చేసిన సమాజ వ్యవస్థది అన్నారు. రాకెట్‌కూ అదే వర్తిస్తుంది. అపోలోకు సుమారు 2,500 కోట్ల డాలర్లు ఎందుకు పోశారన్న ప్రశ్న న్యాయమైనదే, కానీ దానితో మనం సగం దూరమే వెళ్తాం. మిగతా సగం వేరే ప్రశ్న: ఆ సీట్లో కూర్చోవడానికి ఎవరు తగినవాళ్లో ఎవరు తేల్చారు, దేనితో తూచారు?

ఈ ప్రశ్నకు ‘ఫస్ట్ మ్యాన్’ కంటే పాత సినిమా ఒకటి అక్కరకొస్తుంది. టామ్ వుల్ఫ్ 1979లో రాసిన పుస్తకం ఆధారంగా ఫిలిప్ కౌఫ్‌మన్ 1983లో తీసిన ‘ద రైట్ స్టఫ్’. మొదటి ఏడుగురు అమెరికన్ వ్యోమగాముల కథ. ఆ పేరుకు తెలుగులో అచ్చంగా సరిపోయే మాట మనకుంది: వాడిలో సరుకుంది అంటాం కదా, ఆ సరుకు. ఇందులో గమ్మత్తేమిటంటే, ఆ సరుకు ఏమిటో పైలట్లెవరూ నోరు విప్పి చెప్పరు. అది ఉన్నవాడికి ఉందని ఉన్నవాళ్లకే తెలుస్తుంది. లేనివాడికి ఎందుకు లేదో ఎవరూ వివరించరు. అగ్రహారాల్లో పెరిగిన మాటలా లేదూ?

1958 చివర్లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక నిర్ణయం తీసుకున్నాడు: వ్యోమగాముల్ని సైనిక టెస్ట్ పైలట్ల నుంచే తీసుకోవాలి. టెస్ట్ పైలట్ స్కూల్లో పాసై ఉండాలి, 1,500 గంటలు ఎగిరి ఉండాలి, 40 ఏళ్ల లోపుండాలి, డిగ్రీ లేదా దానికి సమానమైన చదువు ఉండాలి. మొత్తం 508 మంది రికార్డులు తిరగేస్తే 110 మంది కనీస అర్హతలకు సరిపోయారు. వాళ్లలోంచి ఏడుగురు తేలారు. ఏడుగురూ తెల్లవాళ్లు, మగవాళ్లు. ఎక్కడా రంగు గురించి, ఆడా మగా గురించి ఒక్క అక్షరం లేదు. ఉండాల్సిన అవసరమే రాలేదు. సైన్యంలో టెస్ట్ పైలట్ స్కూలు గుమ్మం దగ్గరే ఆ పని అయిపోయింది. వడపోత అంతా ముందే జరిగిపోయాక మిగిలిన వాళ్లకు పెట్టే పరీక్ష ఎంత నిష్పక్షపాతంగా ఉంటే ఏమిటి?

అందులో ‘లేదా దానికి సమానమైన చదువు’ అనే మాటను చూడండి. ఏడుగురిలో అందరికన్నా పేరు మోసిన జాన్ గ్లెన్ ఎంపికయ్యేనాటికి డిగ్రీ పూర్తి చేయలేదు. స్కాట్ కార్పెంటర్ పరిస్థితీ అదే. నియమం వాళ్ల కోసం వంగింది. 1960, 1961ల్లో జెర్రీ కాబ్ సహా 13 మంది మహిళా పైలట్లు అవే వైద్య పరీక్షలు ప్రైవేటుగా రాసి నెగ్గారు. కాబ్ 10,000 గంటలకు పైగా విమానం నడిపిన మనిషి. అయినా టెస్ట్ పైలట్ సర్టిఫికెట్ లేదన్నారు. సైన్యం ఆ స్కూల్లోకి ఆడవాళ్లను రానివ్వదు కదా, సర్టిఫికెట్ ఎక్కడినుంచి వస్తుంది? 1962 జూలైలో కాంగ్రెస్ ఉపసంఘం ముందు విచారణ జరిగింది. అక్కడికి వచ్చిన గ్లెన్, ఆడవాళ్లు ఈ రంగంలో లేకపోవడం మన సమాజ వ్యవస్థలో ఒక వాస్తవం అన్న అర్థంలో మాట్లాడాడు. నియమం వంగితే పైకి వెళ్లిన మనిషి, నియమం వంగకూడదని సాక్ష్యం చెప్పాడు. పరమ మర్యాదగా చెప్పాడు. ఆ మరుసటి ఏడాది జూన్‌లో సోవియట్ యూనియన్ నుంచి ఒక మిల్లు కార్మికురాలు, ట్రాక్టర్ డ్రైవర్ కూతురు వాలెంతీనా తెరిష్కోవా అంతరిక్షానికి వెళ్లి వచ్చింది.

ఇక ఎడ్ డ్వైట్ సంగతి. ఇది నిదానంగా చెప్పుకోవాలి.

డ్వైట్ 1933లో కాన్సాస్ సిటీలో పుట్టాడు. వైమానిక దళంలో చేరి, పని చేస్తూనే అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో 1957లో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ డిగ్రీ పొందాడు. నల్లజాతి వ్యోమగామి ఒకరు ఉంటే బాగుంటుందని కెనెడీ ప్రభుత్వం అనుకున్న రోజులు. అతన్ని కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో టెస్ట్ పైలట్, అంతరిక్ష శిక్షణకు పంపారు. నల్లజాతి పత్రికలు ముఖచిత్రాలు వేశాయి. స్కూలు అధిపతి ఎవరంటే చక్ యేగర్: 1947లో ధ్వని వేగాన్ని దాటిన మొదటి మనిషి, ‘ద రైట్ స్టఫ్’ సినిమాకు అసలు హీరో, ‘సరుకు’ అన్న మాటకు నిలువెత్తు రూపం.

యేగర్ చదివింది హైస్కూలు వరకే. డిగ్రీ లేకపోవడం వల్ల వ్యోమగామిగా అతన్ని పరిగణించనే లేదు. సినిమా దీన్ని ఒక గొప్ప అన్యాయంగా, కాగితాల ముందు అసలైన మగాడు ఓడిపోవడంగా చూపిస్తుంది. మంచిదే. కానీ డిగ్రీ చేతిలో ఉన్న నల్లవాడు అదే యేగర్ ముందుకు వచ్చినప్పుడు కాగితాలకు విలువ లేకుండా పోయింది, మళ్లీ ‘సరుకు’ ముందుకు వచ్చింది. డ్వైట్ చెప్పిన ప్రకారం, అతనితో మాట్లాడొద్దు, కలిసి తాగొద్దు, ఆర్నెల్లలో వాడే పోతాడు అని శిక్షకులకు చెప్పారు. యేగర్ దీన్ని ఒప్పుకోలేదు. డ్వైట్‌కు సామర్థ్యం చాలలేదనీ, అదనపు ట్యూషన్ చెప్పి నెట్టుకొచ్చామనీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇద్దరిలో ఎవరిది నిజమని తీర్పు చెప్పే కాగితం మన చేతిలో లేదు. కానీ అదనపు క్లాసులు చెప్పి నెట్టుకొచ్చాం అనే ఆ గొంతు ఏ డిపార్ట్‌మెంట్ కారిడార్‌లోనైనా మనం విన్నదే.

1963 అక్టోబర్‌లో నాసా మూడో బృందం పేర్లు ప్రకటించింది. 14 మంది. డ్వైట్ పేరు లేదు. ఆ జాబితాలో బజ్ ఆల్డ్రిన్ ఉన్నాడు, మైకేల్ కాలిన్స్ ఉన్నాడు. అపోలో 11లో ఎగిరిన ముగ్గురిలో ఇద్దరు. డ్వైట్ 1966లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. మరుసటి ఏడాది జూన్‌లో వైమానిక దళం తన సొంత అంతరిక్ష కార్యక్రమానికి రాబర్ట్ లారెన్స్ అనే నల్లజాతి పైలట్‌ను ఎంపిక చేసింది. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ ఉన్నవాడు. డిసెంబర్‌లో ఎడ్వర్డ్స్‌లోనే విమానం కూలి చనిపోయాడు. 1969 నుంచి 1972 వరకు చందమామ మీద 12 మంది నడిచారు. ఒక్కరూ నల్లవారు కారు. నల్లజాతి అమెరికన్ అంతరిక్షానికి వెళ్లడానికి 1983 ఆగస్టులో గయాన్ బ్లూఫోర్డ్ దాకా ఆగాల్సి వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే సోవియట్ నౌకలో క్యూబాకు చెందిన ఆఫ్రికన్ సంతతి పైలట్ ఆర్నాల్డో తమాయో మెండెస్ వెళ్లి వచ్చాడు. మొన్న 2025 మార్చిలో నాసా తన వెబ్‌సైట్‌లో ఒక వాక్యం తీసేసింది: రాబోయే ఆర్టెమిస్ యాత్రల్లో మొదటి మహిళనూ, తెల్లజాతికి చెందని మొదటి మనిషినీ చందమామ మీద దింపుతామన్న వాక్యం.

అదే కాలంలో అర్హత ఎవరికి ఎంత తేలిగ్గా దొరికిందో కూడా చూడాలి. అపోలోను మోసిన శాటర్న్ 5 రాకెట్‌ను తీర్చిదిద్దిన వెర్నర్ ఫాన్ బ్రౌన్ నాజీ ఎస్ఎస్‌లో మేజర్ స్థాయి అధికారి. అతని వీ2 రాకెట్లను మిట్టెల్‌వెర్క్ సొరంగాల్లో తయారు చేసింది డోరా క్యాంపు బానిస కార్మికులు. ఆ క్యాంపుకు తెచ్చిన సుమారు 60,000 మందిలో 20,000 మంది దాకా చచ్చిపోయారు. 1945లో అమెరికా అతన్ని తెచ్చుకుంది, పాత కాగితాలు సర్దింది. అలబామాలోని హంట్స్‌విల్‌లో, నల్లవాళ్లకు వేరే కుళాయి ఉన్న ఊళ్లో, ఒక ప్రయోగశాలకు అధిపతిని చేసింది. అతనికి సరుకు ఉందా లేదా అని ఎవరూ సందేహించలేదు. సరుకు మాట సరే, ఇంకేమున్నా అడ్డు రాలేదు.

‘హిడెన్ ఫిగర్స్’ చూసిన విద్యార్థులు ఇక్కడ అడ్డం వస్తారని తెలుసు. 2016లో వచ్చిన ఆ సినిమాలో కేథరిన్ జాన్సన్, డొరొతీ వాన్, మేరీ జాక్సన్‌ల కథ చూసి మనవాళ్లు చప్పట్లు కొట్టారు. కొట్టాల్సిందే. అయితే అందులో అందరికీ గుర్తుండిపోయిన దృశ్యం, తెల్ల బాస్ సుత్తి పట్టుకుని నల్లవాళ్ల మరుగుదొడ్డి బోర్డును పగలగొట్టే దృశ్యం, జరగలేదు. ఆ బాస్ పాత్రే కల్పితం. నిజంలో జాన్సన్ బోర్డు లేని మరుగుదొడ్డినే, అంటే తెల్లవాళ్లదాన్నే, ఎవర్నీ అడక్కుండా వాడుకుంది. భోజనాల గదిలో నల్ల ఉద్యోగినుల బల్ల మీద పెట్టిన బోర్డును మిరియం మాన్ అనే ఆవిడ తీసి బ్యాగులో వేసుకుని వెళ్లిపోయేది. మళ్లీ పెట్టేవాళ్లు, మళ్లీ తీసేది. సుత్తి కంటే ఆ బ్యాగు మనకు దగ్గరగా లేదా?

అసలు వాళ్లు ఆ గుమ్మం ఎలా ఎక్కారు? 1941లో నల్ల రైల్వే పోర్టర్ల యూనియన్ నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్‌కు భారీ ఊరేగింపు తీస్తానని హెచ్చరించాడు. రూజ్‌వెల్ట్ దిగివచ్చి, రక్షణ పరిశ్రమల్లోనూ ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ వివక్ష కూడదని జూన్ 25న 8802 నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. ఆ తర్వాతే 1943లో లాంగ్లీ ప్రయోగశాల నల్లజాతి గణిత పట్టభద్రులైన ఆడవాళ్లను తీసుకుంది, అదీ వేరే భవనంలో కూర్చోబెట్టి. అదే 1943 ఆగస్టులో, ఇక్కడ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్న బాబాసాహెబ్ పట్టుబట్టి కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ ఉత్తర్వు తెప్పించారు. ఈ రెండు ఉత్తర్వులూ ఒకదానికొకటి తెలిసి పుట్టినవి కావు. మూడేళ్ల తర్వాత బాబాసాహెబ్ డబ్ల్యూఈబీ డుబోయ్‌కు ఉత్తరం రాసి, మన రెండు సమూహాల స్థితి ఎంత దగ్గరగా ఉందో గుర్తు చేశారు. తలుపులు మంచి బాసుల వల్ల తెరుచుకోలేదు. ఉద్యమం ఉత్తర్వు తెచ్చింది, ఉత్తర్వు తలుపు తెరిచింది. లోపలికి వెళ్లాక వాళ్ల గణితం ఏమిటో 1962లో గ్లెన్ కక్ష్యను సరిచూసినప్పుడు ప్రపంచానికి తెలిసింది. ముందు చోటు, తర్వాత మెరిట్ రుజువు. మనతో మాత్రం ఎప్పుడూ ఇది తిరగేసి చెబుతారు.

ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరికి రావాలి. సినిమా గురించి అడిగింది కానీ ఆమె మనసులో ఉన్నది వేరే అని టీ తాగేటప్పుడు తెలిసింది. అంతకు కొన్ని నెలల ముందు ఒక యూనివర్సిటీలో ఎస్సీ రిజర్వుడు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూకి వెళ్లింది. నెట్ ఉంది, పీహెచ్‌డీ ఉంది, పేపర్లు ఉన్నాయి. షార్ట్‌లిస్ట్‌లో పేరుంది. లోపల పది నిమిషాలు, రెండు ప్రశ్నలు. ఒకటి ఊరి గురించి. ఫలితాల జాబితాలో ఆ పోస్టు ఎదురుగా మూడక్షరాలు: ఎన్ఎఫ్ఎస్. నాట్ ఫౌండ్ సూటబుల్. పిలిచిన అందరిలో ఒక్కరూ తగినవారు కారని అర్థం.

మన పాఠకుల్లో ఈ మూడక్షరాలు తెలియని వారు తక్కువ. 200 పాయింట్ల రోస్టర్ కోసం 2018, 2019ల్లో వీధుల్లో కొట్లాడాం, 2019 జూలైలో చట్టం వచ్చింది. యూనివర్సిటీ మొత్తాన్ని ఒక యూనిట్‌గా లెక్క కట్టాలని తేలింది. పోస్టు రోస్టర్‌లోకి వచ్చింది, నోటిఫికేషన్‌లోకి వచ్చింది. మనిషి మాత్రం కుర్చీలోకి రాలేదు. మధ్యలో ఇంటర్వ్యూ గది ఉంది. 2023 డిసెంబర్‌లో యూజీసీ ముసాయిదా ఒకటి, తగిన అభ్యర్థులు దొరక్కపోతే రిజర్వుడు పోస్టును డీరిజర్వ్ చేయవచ్చని దారి చూపించింది. గొడవ అయ్యాక అలాంటిదేమీ ఉండదని కేంద్రం ప్రకటించింది. ముసాయిదా ఆగింది కానీ, అలాంటి ఆలోచన రావడానికి కావలసిన ముడిసరుకు, అంటే ఎన్ఎఫ్ఎస్ అనే ముద్ర, అలాగే ఉంది.

యేగర్ స్కూలుకూ ఆ ఇంటర్వ్యూ గదికీ పోలిక ఇక్కడే. డ్వైట్‌ను రంగు వల్ల వద్దన్నామని ఎవరూ అనలేదు, సరుకు లేదన్నారు. ఆమెను కులం వల్ల వద్దన్నామని ఎవరూ అనరు, సూటబుల్ కాదన్నారు. రెండు మాటలకూ ఒకే సౌకర్యం ఉంది: వివరణ ఇవ్వక్కర్లేదు. ఒక అభ్యర్థికి మరొకరికంటే తక్కువ మార్కులు వచ్చాయంటే లెక్క అడగవచ్చు. ఇక్కడ పోటీలో గెలిచిన వాళ్లే లేరు, ఖాళీ కుర్చీ గెలిచింది. ఖాళీ కుర్చీ కంటే తక్కువ సరుకున్న పీహెచ్‌డీ అంటే ఏమిటో ఏ ఫిజిక్స్ ప్రొఫెసరైనా సమీకరణం రాసి చూపిస్తే చదువుకుంటాం.

అందుకే మా డిమాండ్ సినిమా గురించి కాదు. కనీస అర్హతలన్నీ ఉండి షార్ట్‌లిస్ట్ అయిన అభ్యర్థిని ఎన్ఎఫ్ఎస్ అన్నప్పుడు, ఏ అంశంలో ఎన్ని మార్కులు వేశారో, ఎందుకు చాలలేదో ప్రతి కమిటీ సభ్యుడూ సంతకంతో రాయాలి. అది అభ్యర్థికి అడక్కుండానే చేరాలి. ఒకే పోస్టుకు రెండోసారి ఎన్ఎఫ్ఎస్ వస్తే కమిటీ మారాలి. ఇంటర్వ్యూ రికార్డ్ చేయాలి. రాకెట్ ప్రయోగంలో ప్రతి వాల్వుకూ లాగ్‌బుక్ ఉంటుంది. ఒక మనిషి జీవితాన్ని ఆపేసే నిర్ణయానికి అర పేజీ కారణం ఉండకూడదా?

మన అంతరిక్ష కార్యక్రమం గురించి కూడా రెండు మాటలు. 2024 ఫిబ్రవరిలో గగన్‌యాన్ కోసం నలుగురి పేర్లు ప్రకటించారు. నలుగురూ వైమానిక దళ టెస్ట్ పైలట్లు, నలుగురూ మగవాళ్లు. వాళ్ల ధైర్యాన్ని, శ్రమను తక్కువ చేయడం లేదు, ఎవరి కులమూ అడగడం లేదు. కానీ ఐసెన్‌హోవర్ పెట్టిన తలుపే 65 ఏళ్ల తర్వాత ఇక్కడా పెట్టామని గుర్తించాలి. ముందుగా మనుషుల్లేని నౌకలో పంపడానికి సిద్ధం చేసిన వ్యోమమిత్ర ఆడరూపంలో ఉంది. అది రోబో. ఇక శ్రీహరికోట. చందమామ మీద ఆర్మ్‌స్ట్రాంగ్ దిగిన 1969లోనే ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. అప్పటిదాకా ఆ అడవిలో దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని బతికింది యానాదులు. ప్రయోగం టీవీలో చూసేటప్పుడు కౌంట్‌డౌన్ వినిపిస్తుంది, ఆ పేరు వినిపించదు. 2023 జూలై 14న చంద్రయాన్ 3 ఎగిరింది అక్కడి నుంచే. అదే నెలలో లోక్‌సభకు కేంద్రం ఇచ్చిన లెక్క ప్రకారం ఐదేళ్లలో మురుగు కాల్వలూ సెప్టిక్ ట్యాంకులూ శుభ్రం చేస్తూ 339 మంది చనిపోయారు. గాలి లేని చోటికి మనిషిని పంపి బతికించి తెచ్చే సూటు ఎలా కుట్టాలో నేర్చుకుంటున్న దేశం ఇది.

చివరగా ఒక ఫొటో. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ సంస్థ నౌకలో ఆరుగురు పది నిమిషాల పాటు అంతరిక్షపు అంచుకు వెళ్లి వచ్చారు. వాళ్లలో విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ ఉన్నారు. తెలుగు పత్రికలు మనవాడని సంబరపడ్డాయి, సహజమే. ఆ ఫొటోలో ఆయనతో పాటు నీలం సూటులో ఒక ముసలాయన ఉన్నాడు. ఎడ్ డ్వైట్. వయసు 90. మధ్యలో గడిచిన దశాబ్దాల్లో ఆయన శిల్పి అయ్యాడు, నల్లజాతి చరిత్రను కంచులో పోశాడు. బానిసత్వం నుంచి పారిపోయిన వాళ్లకు డెట్రాయిట్ నది ఒడ్డున నిలబెట్టిన స్మారకం ఆయనదే. నౌకలో ఆయన సీటుకు ఒక స్వచ్ఛంద సంస్థ డబ్బు సాయం చేసింది. ఇది నా జీవితానికి అవసరం లేదనుకున్నాను, అవసరమేనని ఇప్పుడు తెలిసింది అన్న అర్థంలో దిగాక మాట్లాడాడు. 61 ఏళ్ల కింద ఆయన్ను ఆపిన ఆ సరుకు ఏమిటో ఆ రోజు కూడా ఎవరూ చెప్పలేదు.

మెస్‌లో ఆ ఫొటో ఫోన్‌లో చూపించాం. ఆ అమ్మాయి చాలాసేపు చూసింది. “తొంభై ఏళ్లా?” అంది. “నా దగ్గర అంత టైం లేదన్నా.”

ఆమె వద్దన్న ఆ పోస్టుకే మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది. మళ్లీ అప్లై చేసింది. ఈసారి సెలక్షన్ కమిటీ మినిట్స్, మార్కుల షీటు అడుగుతూ ఆర్టీఐ దరఖాస్తు కూడా ముందే రాసి, పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో సహా ఫైల్లో పెట్టుకుంది. తేదీ ఒక్కటే ఖాళీగా ఉంచింది.